రెండోసారి ఎవరూ అడగలేదు

ఆ ఫ్లెక్సీలో డ్రైవర్ అన్న ఫొటో కూడా ఉంది. ముందు ఆ సంగతి చెప్పి మొదలుపెడతాను. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, మేం కిరాయికి మాట్లాడుకున్న మినీబస్సు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పైన గుండ్రటి చట్రంలో ప్రిన్సిపాల్ సార్, ఆయనకు అటూ ఇటూ మా బోటనీ సార్, జువాలజీ మేడమ్. వాళ్ల కింద వరసలు వరసలుగా మా డిగ్రీ ఆఖరి సంవత్సరం క్లాసంతా. జ్వరం వచ్చి క్యాంపుకే రాని పిల్ల కూడా రెండో వరసలో పళ్లన్నీ కనబడేలా నవ్వుతోంది. నేను లేను.

అసలు క్యాంపు ఆలోచన నాది. అడవిలో ఒక రాత్రి ఉండి చెట్లూ చేమలూ చూసి వద్దామని క్లాసులో లేచి అన్నది నేను. అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ చెప్పగలను. చోటు చూసింది కూడా నేనే. మా మేనమామ లారీలో జామాయిల్ కర్ర సారపాక కాగితం మిల్లుకు తోలతాడు. దారిలో అడవి అంచున ఒక రైతు మామిడి తోట ఉంది, పక్కనే వాగు పారుతుంది, ఆడపిల్లలు పడుకోవడానికి రేకుల షెడ్డు కూడా ఉంది అని చెప్పి, ఆ రైతుతో మాట్లాడి ఒప్పించాడు. ఇంత చేసినదాని మొహం ఫ్లెక్సీ మీద లేదు. డ్రైవర్ అన్న మొహం ఉంది.

ఆ ఫ్లెక్సీ వేయించింది నా స్నేహితురాలు. మూడేళ్లుగా ఒకే బెంచీ మీద కూర్చున్నాం. వాళ్లది ఏన్కూరు పక్కన పల్లె, మిరప వేసే కుటుంబం. ఖమ్మంలో హాస్టల్లో ఉండి చదివేది. నా టిఫిన్ డబ్బాలో కూర తను తినేది, తను ఊరినుంచి తెచ్చిన కారప్పొడి మా ఇంట్లో వాడేవాళ్లం. అలాంటి మనిషి చేసిన పని ఇది.

ఇందులో తన వాదన ఒకటి ఉంది. దాన్ని కూడా దాచకుండా చెబుతాను, ఎందుకంటే అందులో బలం లేదు. క్యాంపుకు వారం ముందు మా వాట్సాప్ గ్రూపులో "ఫ్లెక్సీకి అందరు ఫొటోలు పెట్టండ్రి, జల్దీ" అని తను రాసింది. నేను "నాదెందుకులే" అని పెట్టాను. దానికి తను బొటనవేలు గుర్తు పెట్టింది. అంతే. ఇక నన్ను అడగలేదు.

"నాదెందుకులే" అంటే వద్దని అర్థమా? చదువుకున్న మనిషి ఎవరైనా చెప్పండి.

మా ఇంట్లో ఎవరూ మొదటిసారి అడగగానే అవునని అనరు. ఎవరింటికైనా వెళ్తే వాళ్లు చాయ్ తాగుతారా అంటారు. మా అమ్మ వద్దంటుంది. కొంచెమే తాగండి అంటారు. ఇప్పుడే తాగి వచ్చాం అంటుంది. పాలు పొయ్యి మీద పెట్టేశామండీ అంటారు. అయ్యో, మీకెందుకు శ్రమ అంటూ కప్పు అందుకుంటుంది. "మొదటిసారి వాళ్ల మర్యాద, రెండోసారి మన మొహమాటం, మూడోసారే చాయ్" అని మా అమ్మ నాకు చిన్నప్పుడే నేర్పింది. మా నాయనమ్మ అయితే ఇంకా గట్టి మనిషి. ఒక పెళ్లిలో గారెలు వడ్డించేవాళ్లు రెండుసార్లు అడిగి వెళ్లిపోయారని ఆ ఇంటి గడప మళ్లీ తొక్కలేదు. ఆ పెళ్లి కొడుకు ఆమెకు సొంత అక్క కొడుకు.

కాబట్టి బొటనవేలు చూశాక కూడా నేను ఆశ వదులుకోలేదు. కాలేజీలో అడుగుతుందేమోనని ఎదురుచూశాను. మంచి ఫొటో ఒకటి తీసి సిద్ధంగా కూడా పెట్టుకున్నాను, మా మేడ మీద, సాయంత్రం ఎండలో. అడగలేదు.

ఫ్లెక్సీని మొదటిసారి చూసింది తోటకు చేరాకే. శివరాత్రి దాటి చలి వెనక్కి తగ్గిన రోజులు. ఏన్కూరు, జూలూరుపాడు దాటి, కొత్తగూడెంలో చాయ్ తాగి, పాల్వంచ దాటాక రోడ్డు పక్కన మోదుగుపూలు ఎర్రగా మండుతుంటే బస్సంతా పాటలు పాడుకుంటూ వెళ్లాం. నేనూ పాడాను. అప్పటికి నాకు ఏమీ తెలియదు కదా. దిగగానే అబ్బాయిలు ఫ్లెక్సీ చుట్ట విప్పి, తోట మొదట్లో రెండు మామిడి చెట్లకు తాళ్లతో కట్టారు. అందరూ కిందికి చేరి ఎవరి మొహం వాళ్లు వెతుక్కుని ఫోన్లలో ఫొటోలు తీసుకున్నారు. నేను పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూశాను. ఎడమ చివర, డ్రైవర్ అన్నకూ మామిడాకుల తోరణం బొమ్మకూ మధ్య జానెడు ఖాళీ ఉంది. అది చూసేసరికి ఇంకా మండింది. చోటు లేక వదిలేశారంటే అదో రకం. చోటు ఉంది!

అప్పుడే తోట రైతు వచ్చాడు. భుజాన తువ్వాలు, చేతిలో కొడవలి. ఫ్లెక్సీ ముందు ఆగి చాలాసేపు చూశాడు.

"ఏంది సారూ, మళ్ల ఎలచ్చన్లు వచ్చినయా? ఎవలు నిలబడుతున్రు?"

"ఎన్నికలు కాదు పెద్దాయనా, పిల్లల క్యాంపు" అన్నారు బోటనీ సార్.

"క్యాంపుకు గింత పెద్ద బొమ్మనా!" అని ఆయన ఒక్కో ఫొటో మీద కొడవలి కొస చూపిస్తూ, దాని తాలూకు మనిషిని గుంపులో వెతికి పట్టుకోవడం మొదలుపెట్టాడు. "గీ బిడ్డ అగో. గీ పిలగాడు ఇగో, కానీ ఫొటోల తెల్లగున్నడు." అందరూ పడీపడీ నవ్వుతున్నారు. చివరికి ఆయన చూపు నా దగ్గరికి వచ్చింది. ఫ్లెక్సీని చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ ఫ్లెక్సీని చూశాడు.

"నువ్వు వంటకొచ్చినవా బిడ్డా?"

ఆ మాటకు లేచిన నవ్వులో నా స్నేహితురాలి గొంతు స్పష్టంగా వినిపించింది. అందరికంటే ముందు మొదలై, అందరికంటే చివర ఆగింది. ఆ క్షణాన నిర్ణయించుకున్నాను. ఈ క్యాంపు అన్నం ముద్ద కూడా ముట్టను. తను వచ్చి, మా ఇంటి పద్ధతిలో, సరిగ్గా బతిమాలితే అప్పుడు చూద్దాం. లేకపోతే రేపు ఉదయం ఖమ్మం వెళ్లి తింటాను, తనతో మాటలు కూడా ఆ తోటలోనే ఆఖరు. ఇంకో నెలలో పరీక్షలు, ఆ తర్వాత ఎవరి దారి వాళ్లది. మూడేళ్ల స్నేహం తెగేదయితే అడవిలోనే తెగనీ అనుకున్నాను.

అలిగిన మనిషికి ఒక ఇబ్బంది ఉంది. అలిగినట్టు అవతలివాళ్లకు తెలియాలి, కానీ మనం చెప్పకూడదు. నేను మొహం ముడుచుకుని వాగు ఒడ్డున ఒక బండ మీద కూర్చున్నాను. సార్ అందరినీ అడవి అంచు దాకా తీసుకెళ్లి తునికి, నల్లమద్ది, ఏగిస చెట్లు చూపిస్తుంటే వెనక వరసలో, అందరికీ పదడుగుల దూరంలో నడిచాను. తునికి ఆకు కోసి నోట్సులో పెట్టుకోమంటే పెట్టుకోలేదు. ఎవరూ గమనించలేదు. నా స్నేహితురాలు అయితే చెట్ల పేర్లు సార్ కంటే ముందే చెబుతూ, మధ్యలో వెనక్కి తిరిగి, "ఏందే, చెప్పు గాని కరిసిందా? మెల్లగ నడుస్తున్నవ్" అంది. కొత్త చెప్పులు కరిచాయనుకుందట. అలకకూ చెప్పు కరవడానికీ తేడా తెలియదు ఆ మనిషికి.

పొద్దు వాలేసరికి వంట మొదలైంది. వంట పెత్తనం మా క్లాసు అబ్బాయి ఒకడిది. వాళ్ల నాన్న ఖమ్మంలో పెళ్లిళ్లకు బిర్యానీ దేగిశాలు ఎక్కించే మనిషి. వీడు మామూలప్పుడు క్లాసులో నోరు విప్పడు. గరిటె చేతికి రాగానే పెద్ద మేస్త్రీ అయిపోయాడు. మూడు రాళ్ల పొయ్యిలు రెండు పెట్టించి, ఒకదాని మీద బగారన్నానికి ఎసరు, ఇంకోదాని మీద నాటుకోళ్ల కూర. "ఆ కట్టె లాగు, లాగు! మంట కాదురా నాక్కావాల్సింది, సెగ! పుదీనా యాడబెట్టిన్రు? జల్దీ జల్దీ!" అని అరుస్తుంటే సార్ కూడా వాడికి కట్టెలు అందిస్తున్నారు.

వాసన గురించి రాయకూడదనుకున్నాను కానీ రాయక తప్పదు. నూనెలో లవంగం, సాజీర చిటపటలాడిన వాసన మొదట వచ్చింది. తర్వాత ఉల్లిగడ్డ ఎర్రబడిన వాసన. తర్వాత పుదీనా. నాటుకోడి వాసన మాత్రం నెమ్మదిగా, చెట్ల మధ్య నుంచి, నన్నే వెతుక్కుంటూ వచ్చినట్టు వచ్చింది. కొత్తగూడెంలో చాయ్‌తో పాటు అందరూ సమోసాలు తిన్నారు. నన్ను ఒకసారి అడిగి వదిలేశారు కాబట్టి నేను తినలేదు.

బండ మీదే కూర్చుని లెక్కలు వేసుకున్నాను. వడ్డన అవగానే వస్తుంది. ఒకసారి అడుగుతుంది, వద్దంటాను. రెండోసారి అడిగినప్పుడు ఫ్లెక్సీ సంగతి ఎత్తుతాను. మూడోసారికి తను తప్పు ఒప్పుకుంటుంది. అప్పుడు వెళ్లి తింటాను. అంతా కలిపి పావుగంట పట్టదు. అప్పటికి కూర కూడా చల్లారదు.

అనుకున్నట్టే వచ్చింది. మోదుగాకు విస్తర్లు కుడుతూ కుడుతూ వచ్చింది, పుల్ల నోట్లో పెట్టుకుని. మా సార్ ప్లాస్టిక్ పళ్లాలు వద్దని గట్టిగా చెప్పారు. అడవిలోకి ప్లాస్టిక్ తేకూడదట. అంత పెద్ద ఫ్లెక్సీ దేనితో చేశారో ఎవరూ అడగలేదు.

"తిందాం రావే."

"నాకు ఆకలిగా లేదు."

"సరే."

సరే! మూడేళ్లు నా డబ్బాలో చెయ్యి పెట్టి తిన్న మనిషి, సరే అని, ఇంకో విస్తరికి పుల్ల గుచ్చుకుంటూ వెళ్లిపోయింది. వెనక్కి కూడా చూడలేదు. ఆకలి లేదన్నవాళ్లను ఎందుకు లేదని అడగాలి కదా. పొద్దున్నుంచి ఏం తిన్నావని అడగాలి కదా. నుదుటి మీద చెయ్యి పెట్టి చూడాలి కదా!

తర్వాత వంట మేస్త్రీ వచ్చాడు, వాగులో గరిటె కడుక్కోవడానికి.

"ఏంది, ఉపాసమా?"

"అవును."

"మా రంజాన్ రోజా గూడ పొద్దుగూకినంకనే ఇడుస్తం. నీదేం ఉపాసం, పొద్దుగూకినంక మొదలైంది?" అని నవ్వి, గరిటె విదిలించి పోయాడు. దాన్ని అడగడం కింద లెక్క వేయలేదు. అది ఎగతాళి.

ఆ తర్వాత సార్ చేతిలో టార్చి పట్టుకుని వచ్చారు. "తిన్నావామ్మా?" అన్నారు.

"తిన్నాను సార్" అనేశాను. పెద్దవాళ్ల దగ్గర అలగలేం కదా. మాట నోట్లోంచి వచ్చాక తెలిసింది, ఇప్పుడు క్యాంపు రికార్డుల ప్రకారం నేను తిన్న మనిషిని. ఇంక ఎవరూ రారు. సార్ అటు వెళ్లి "అందరూ తిన్నట్టేనా?" అని అడిగితే, "తిన్నం సార్" అని గుంపుగా జవాబు వినిపించింది. ఆ గుంపులో నా ఆకలి కూడా కలిసిపోయింది.

నిజానికి అప్పటికి అందరూ తినలేదు, మారు వడ్డన నడుస్తోంది. అందుకే ఆ తర్వాతది జరిగేసరికి అందరి చేతుల్లో విస్తర్లు ఉన్నాయి.

మొదట గాలి వచ్చింది. మామిడి పిందెలు టపటప రాలాయి. ఎక్కడో సారపాక వైపు ఒక మెరుపు. ఆ కాలంలో వాన ఏమిటని అనుకునేలోపే చినుకులు పెద్దపెద్దవిగా పడ్డాయి. "దేగిశాలు! దేగిశాలు!" అని మేస్త్రీ వెర్రికేక పెట్టాడు. రేకుల షెడ్డు తోటకు అవతలి చివర ఉంది. అంతదూరం మోసుకుపోయే వీలు లేదు. అబ్బాయిలు పరుగెత్తి ఫ్లెక్సీ తాళ్లు కోసి తెచ్చారు.

ఇక్కడ ఒక చిన్న పంచాయితీ జరిగింది. ఒకడు దాన్ని నేలమీద పరిచి దాని మీద కూర్చుందాం, పైన దుప్పట్లు కప్పుకుందాం అన్నాడు. "నీకు బుద్ధుందారా, ప్రిన్సిపాల్ సార్ మొహం తొక్కుతవా?" అని ఇంకొకడు. "బోర్లా పరుద్దాం" అంటే, "మేడమ్ మొహం బురదల పెడుతవా?" అని మరొకరు. ఎవరి కాలు ఎవరి నెత్తిమీద పడుతుందో తేలక, వానలో నిలబడి వాదించుకున్నారు. డ్రైవర్ అన్న, "నా మొహం తొక్కుండ్రి తమ్మీ, ఏం గాదు, సార్లది మాత్రం పైకి పట్టుండ్రి" అన్నాడు. చివరికి నాలుగు మూలలకూ నాలుగు కట్టెలు పెట్టి పందిరిలా ఎత్తి పట్టుకున్నారు. మొహాలన్నీ కిందివైపుకు. దేగిశాలు మధ్యలో, చుట్టూ మొత్తం క్లాసు, చేతుల్లో విస్తర్లు, వాళ్ల నెత్తిమీద వాళ్ల మొహాలే నవ్వుతూ.

నేను వాగు ఒడ్డు నుంచి లేచి ఒక మామిడి చెట్టు కింద నిలబడ్డాను. ఆకుల్లోంచి కారే నీళ్లు వానకంటే ఎక్కువ తడుపుతాయని అప్పుడే తెలుసుకున్నాను. బోటనీలో ఎక్కడా చెప్పలేదు.

"ఏయ్, తడుస్తున్నవ్! ఇటు రావే!" అని నా స్నేహితురాలు కేక వేసింది.

ఇది రెండోసారి అవుతుందా అని ఆలోచించాను. కాదు. ఇది వాన గురించి. అన్నం గురించి కాదు.

"రాను."

"ఎందుకు రావు? ఉరుములొస్తున్నయ్, చెట్టు కింద నిలబడకు!"

"నా ఫొటో లేనిదాని కిందికి రాను!"

పందిరి కింద ఒకడు పైకి చూసి, ఫోన్ వెలుతురు ఫ్లెక్సీ మీద తిప్పి, "అవ్ రా, గీమె ఫొటో లేదు" అన్నాడు. అప్పటిదాకా ఒక్కరూ చూసుకోలేదన్నమాట! అది ఇంకో అవమానం. దాన్ని వేరే పెట్టుకున్నాను.

"నువ్వే వద్దంటివి గదనే!" అంది నా స్నేహితురాలు.

"ఒక్కసారి అంటే వద్దని అయిపోతుందా?"

"మరి ఎన్నిసార్లనాలె?"

"అడగాలి! మళ్లీ అడగాలి! ఎవరైనా రెండోసారి అడుగుతారు!"

"మా ఇంట్ల ఒక్కసారే అడుగుతరు. వద్దంటే గేదెకేస్తరు!"

పందిరి కింద కిసుక్కుమన్న నవ్వు. తను మాత్రం నవ్వలేదు. చేతిలో విస్తరి పక్కవాళ్లకు ఇచ్చి, కొంగు నడుముకు దోపుకున్నట్టు చున్నీ దోపుకుని, పందిరి అంచు దాకా వచ్చింది.

"ఫస్టియర్ల మీ ఇంటికొచ్చిన యాదికుందా? మీ అమ్మ చాయ్ తాగుతవా బిడ్డా అన్నది. అవ్ అన్న. మీ అమ్మ నా దిక్కు ఎట్ల జూసిందో నాకే ఎరుక. నువ్వు తెల్లారి క్లాసుల చెప్పి అందర్ని నవ్విచ్చినవ్. అడగంగనే అవ్ అన్నదంట, ఆకలి మీదున్నట్టుందంట అని. మూడేండ్లాయె. నేనేమన్న అన్ననా?"

ఆ మాట నేను చెప్పింది నిజమే. కానీ అది తమాషాకు చెప్పింది. తమాషాకూ ఫ్లెక్సీకీ పోలిక లేదు. ఆ ముక్క అక్కడే గట్టిగా చెప్పాను. అయితే ఒకటి ఒప్పుకోవాలి, తన గురించి. మూడేళ్లు ఒక మాటను కడుపులో పెట్టుకుని, పక్కనే కూర్చుని, నా కూర తింటూ, ఒక్కరోజు కూడా బయటపడనివ్వలేదు. నేను అలిగితే అరగంటలో ఊరంతా తెలియాలనుకుంటాను. ఈ విద్యలో నేనే గట్టిదాన్ని అనుకుని బతికాను. ఆ రాత్రి మొదటిసారి నాకంటే పై మెట్టు మనిషిని చూశాను. కొంచెం గౌరవం కలిగింది. కొంచెమే.

"అట్లయితే ఆ రోజే చెప్పొచ్చు కదా" అన్నాను.

"నువ్వు అడిగినవా?"

సార్ మధ్యలోకి రాబోతే మేడమ్ ఆయన చొక్కా పట్టుకుని ఆపారు. ఆ పని మాత్రం మంచిది చేశారు.

తను పందిరి కిందికి వెళ్లిపోయింది. అయిపోయిందనుకున్నాను. నా జుట్టులోంచి నీళ్లు ముక్కు మీదికి, ముక్కు మీదినుంచి నోట్లోకి కారుతున్నాయి. తోటకు వచ్చాక నా నోట్లోకి వెళ్లింది అదొక్కటే. తెల్లారేదాకా ఇలాగే నిలబడాలా, షెడ్డుకు వెళ్లి ముసుగు పెట్టి పడుకోవాలా అని ఆలోచిస్తున్నాను. ముసుగు పెడితే అలక అవతలివాళ్లకు కనబడదు.

అంతలో తను వానలోకి వచ్చేసింది. చేతిలో ఒక విస్తరి, దానిమీద ఇంకో విస్తరి బోర్లించి ఉంది. నా ముందుకు వచ్చి నిలబడి, ఊపిరి కూడా తీసుకోకుండా అంది.

"తింటవా? తింటవా? తింటవా? మూడైనయ్. పట్టు."

"ఇట్లా ఏకబిగిన అడిగితే లెక్కలోకి రాదు."

"వానల నిలబడి నీకు సందు ఇచ్చుకుంట అడగాల్నా? పట్టవే, బగారా గంజయితున్నది!"

పట్టుకున్నాను. అన్నం కోసం కాదు, విస్తరి చేతిలోంచి జారిపోతోంది కాబట్టి పట్టుకున్నాను. పై ఆకు ఎత్తి చూస్తే అన్నం పక్కన కూర, కూరలో కందనకాయ ముక్కలు. నాటుకోడి కందనకాయ కోసం మా క్లాసు అబ్బాయిలు తన్నుకుంటారు. ఇన్ని ముక్కలు నా విస్తరిలోకి ఎలా వచ్చాయని చూస్తే, పందిరి కింది నుంచి మేస్త్రీ అరిచాడు. "కూర ఉడకంగనే తీసి దాచిపెట్టింది గామె! ఎవ్వర్ని ముట్టనియ్యలే! ఉపాసం ఇడువు ఇగ!"

వడ్డనకు ముందే తీసి దాచింది. అంటే ఆకలి లేదన్న మాట నమ్మలేదన్నమాట. నమ్మనప్పుడు రెండోసారి అడగడానికి ఏమైంది? ఈ ప్రశ్నకు ఇప్పటికీ జవాబు రాలేదు. తను ఏమంటుందంటే, "ఆకలైతె నువ్వే వస్తవనుకున్న." మనుషులు ఇలా ఉంటే లోకం ఎలా నడుస్తుంది?

తిన్నాను. చెట్టు కింద కాదు, పందిరి కిందే. తను చెయ్యి పట్టి లాక్కెళ్లింది, లాగింది కాబట్టి వెళ్లాను. వాన నీళ్లు పడి కూరలో ఉప్పు తగ్గింది. ఆ మాట చెబితే మేస్త్రీ, "ఉప్పు కొలత నాది, వాన కొలత దేవునిది" అన్నాడు. మారు అన్నం పెట్టేటప్పుడు మాత్రం పందిరి కింద అందరూ కలిసి ఒకే గొంతుతో "పెట్టమంటవా? పెట్టమంటవా? పెట్టమంటవా?" అని అరిచారు. డ్రైవర్ అన్న కూడా.

తెల్లారి వాన వెలిసి, తోటంతా కడిగినట్టుంది. ఫ్లెక్సీని ఎండలో ఆరబెట్టారు. మా క్లాసులో ఒక పిల్ల ఎక్కడికి వెళ్లినా గోళ్ల రంగు సీసా వెంట పెట్టుకుంటుంది. నా స్నేహితురాలు దాన్ని అడిగి తీసుకుని, డ్రైవర్ అన్న పక్కన ఉన్న ఆ జానెడు ఖాళీలో నా మొహం గీసింది. ఎర్రటి రంగు. గుండ్రటి మొహం, రెండు జడలు, ముడిపడిన కనుబొమ్మలు, కిందికి వంగిన మూతి. ముక్కు నాది కాదు. నా ముక్కు అంత లావు ఉండదు. ఆ సంగతి అక్కడే చెప్పాను, దిద్దమన్నాను. "ఒక్కసారే గీస్త" అంది. రైతు వచ్చి చూసి, "ఇగో, ఇప్పుడు కుదిరింది, అచ్చం నువ్వే బిడ్డా" అన్నాడు. అందరం దాని ముందు నిలబడి ఫొటో దిగాం. ఆ ఫొటోలో నా కళ్లు మూసుకుపోయాయి. ఇంకోటి తీయమని ఒకసారి అడిగాను. తీయలేదు.

ఇప్పుడు తను సారపాకలో ఉద్యోగం చేస్తోంది. నేను ఖమ్మంలో పిల్లలకు సైన్సు చెబుతున్నాను. పోయిన మిరప కాలంలో తను సెలవు పెట్టి ఊరికి వచ్చిందని తెలిసి, ఒక ఆదివారం చూడటానికి వెళ్లాను. రమ్మని తను ఒక్కసారే అంది. ఆ విషయం మనసులో పెట్టుకునే వెళ్లాను.

వాళ్ల కల్లంలో మిరపకాయలు రాశులు పోసి ఉన్నాయి. ఒక రాశి మీద మంచు పడకుండా రాత్రి కప్పిన పట్టా ఇంకా తీయలేదు. దగ్గరికి వెళ్లి చూస్తే మా ఫ్లెక్సీ. ఎండకు అచ్చు రంగులన్నీ పోయాయి. ప్రిన్సిపాల్ సార్ ఉన్నచోట తెల్లటి గుండ్రం మిగిలింది. సార్ లేరు, మేడమ్ లేరు, మూడు వరసల క్లాసూ వెలిసి పాలిపోయింది. డ్రైవర్ అన్న కళ్లద్దాలు మాత్రం రెండు బూడిద మచ్చల్లా తెలుస్తున్నాయి. వాటి పక్కన గోళ్ల రంగుతో గీసిన మొహం ఒక్కటే, అక్కడక్కడా పెచ్చులు లేచినా, ఎర్రగా, మూతి ముడుచుకుని, మిరపకాయల మీద కూర్చుని నావైపు చూస్తోంది. ముక్కు అంతే లావు.

తను కల్లం అవతల రంగు పోయిన తాలుకాయలు ఏరుతోంది. వాళ్ల అమ్మ ఇంట్లోంచి పళ్లెం పట్టుకుని బయటికి వచ్చింది. వేడి అన్నం, పప్పు, పక్కన పచ్చిమిర్చి తొక్కు.

"బువ్వ తింటవా బిడ్డా?"

"ఇప్పుడే తిని వచ్చాను పెద్దమ్మా."

"సరే బిడ్డా" అని ఆమె పళ్లెంతో లోపలికి తిరిగింది. గేదె పాకలో తల ఎత్తి చూసింది.

కల్లం అవతలి నుంచి కేక వినబడింది.

"అమ్మా! ఇంకా రెండున్నయ్!"